అటక మీది పాటన్ ట్యాంకు: మూడున్నర నెలల నా అనుభవం

2025 జూన్ 8, ఆదివారం. ఖమ్మంలోని మా పాత ఇంటిని అద్దెకివ్వడానికి ఖాళీ చేస్తున్నాం. అటక మీద నుంచి ఇత్తడి గంగాళం, రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను, మూడు సంచుల పుస్తకాలు దించాక గోడవారగా ఒక అట్టపెట్టె మిగిలింది. ఖాకీ కాగితం చుట్టి, పురికొస కట్టి ఉంది. పైన నాన్న గుండ్రటి అక్షరాల్లో ‘కరెంటు బిల్లులు 1979–83’ అని రాసి ఉంది. నాన్న పోయి రెండేళ్లయింది. ఆ బిల్లులు ఇప్పుడెందుకని చెత్తలో వేయబోతే లోపల ఏదో గలగలమంది. బిల్లులు గలగలమనవు.

కాగితం విప్పితే ఎం48ఏ3 పాటన్ ట్యాంకు కిట్, అంటే ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ ట్యాంకు. అసలు ట్యాంకులో 35వ వంతు. అమెరికా మెరీన్లు వియత్నాంలో వాడిన రకం. చూడగానే గుర్తుపట్టాను. 1984 సంక్రాంతికి కువైట్ నుంచి వచ్చిన మా బాబాయి నా కోసం తెచ్చాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ‘పరీక్షలు కానీ, ఇస్తా’ అన్నారు నాన్న. పరీక్షలయ్యాయి. ఆ వేసవిలో హైదరాబాదు తీసుకెళ్లినప్పుడు ట్యాంక్‌బండ్ దగ్గర పెట్టిన పాకిస్తాన్ పాటన్ ట్యాంకును చూసి, ‘మా ఇంట్లో కూడా ఉంది’ అని పక్కనున్న పిల్లలకు గొప్పగా చెప్పాను. (ఆ యుద్ధ ట్యాంకు వల్లే ఆ చోటికి ట్యాంక్‌బండ్ అని పేరు వచ్చిందని హైస్కూలుకు వచ్చేదాకా అనుకున్నాను. అక్కడ ట్యాంకంటే చెరువు.) తిరిగొచ్చాక అడిగితే ‘పెద్దయ్యాక చేసుకుందువు గాని’ అన్నారు. ఇంకో రెండుసార్లు అడిగి, క్రికెట్ బ్యాటు వచ్చాక మరిచిపోయాను. నా కంట పడకుండా ఆయన దాన్ని కరెంటు బిల్లుల కింద దాచేశారన్నమాట.

పెట్టెను మల్కాజిగిరిలోని మా ఫ్లాటుకు తెచ్చి, ఆ రాత్రి భోజనాల బల్ల మీద తెరిచాను. పాత కిట్ తెరవబోయేవాళ్లకు ఉపయోగపడుతుందని ఏమేమి చూశానో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఎలా చేయాలో చెప్పే కాగితాన్ని పురుగు తినేసింది, మూడో పేజీ జల్లెడలా ఉంది. నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల కాగితం, అంటే డీకాల్, టీ ఒలికినట్టు పసుపెక్కింది. ట్యాంకు చక్రాల చుట్టూ తొడిగే మెత్తటి నల్ల రబ్బరులాంటి పట్టీలు రెండూ నలభై ఏళ్లు చక్రాల మీద ఆనుకుని పడి ఉన్నాయి. ఆనుకున్న ప్రతిచోటా చక్రం ప్లాస్టిక్ మైనంలా కరిగి గుంట పడింది. పట్టీని మెత్తగా ఉంచే రసాయనం బయటికి వచ్చి గట్టి ప్లాస్టిక్‌ను తింటుందట. మీ దగ్గర పాత కిట్ ఉంటే, చేసినా చేయకపోయినా, ఈ రోజే ఆ పట్టీలు తీసి విడిగా ఒక కవరులో పెట్టండి.

ఇవన్నీ చూశాక టరెట్ చేతిలోకి తీసుకున్నాను. తుపాకీ గొట్టం బిగించి ఉండే పై గుండు భాగం అది. కిట్‌లో దాని పైసగం, కిందిసగం విడివిడిగా ఉండాలి. ఇవి అతికించి ఉన్నాయి. అతుకు వెంట జిగురు పొంగి గడ్డకట్టింది. ఎడమవైపు, అతుక్కి కాస్త పైన, ఒక బొటనవేలి ముద్ర. మరకలా కాదు. ఈ రకం జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది. కరిగిన చోట వేలు ఆనితే ఆ గీతలు అలాగే గడ్డకడతాయి.

ఎవరో వాడి వదిలేసిన కిట్‌ను బాబాయికి అంటగట్టారేమో అనుకున్నాను ముందు. తర్వాత పెట్టె మూలలో జిగురు ట్యూబు కనిపించింది. అడుగు నుంచి సన్నగా, సమానంగా, చివరి చుక్క దాకా చుట్టుకుంటూ వచ్చిన ట్యూబు. మా ఇంట్లో టూత్‌పేస్టును అలా చుట్టేది ఒక్కరే.

ఆ రాత్రి ఇంకేమీ చేయలేదు.

జూన్ 10న సరుకులకు ఆర్డరు పెట్టాను. మూడు చోట్ల నుంచి విడివిడిగా వచ్చి, చివరిది 19న చేరింది. తొమ్మిది రోజులు. ఈలోపు రోజూ రాత్రి పదింటి నుంచి పన్నెండు దాకా వీడియోలు చూశాను. నా ఉద్యోగం లెక్కలు చూసే పని. చేత్తో చేసిన చివరి వస్తువు పదో తరగతిలో థర్మకోల్ అగ్నిపర్వతం. ముక్కలు కత్తిరించే నిప్పర్ 650 రూపాయలు, జపాను మోడళ్ల కంపెనీ తమియావాళ్ల, నీళ్లలా పల్చగా ఉండే జిగురు 480, తలకు తగిలించుకునే భూతద్దం 850, పదిహేడు మిల్లీలీటర్ల రంగు సీసాలు ఎనిమిదికి 2,480. బొట్టుసీసాలంత ఉన్న వాటికి అంత డబ్బా అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. ఒక్కో సీసాలో సగం ఇంకా అలాగే ఉంది కాబట్టి ఆమె అడిగింది సబబే.

జూన్ 21న మొదలుపెట్టాను. చక్రాలతో మొదలుపెట్టడం నేను చేసిన తప్పు. పాటన్‌కు ఒక్కో వైపు ఆరు జంట చక్రాలు, అంటే రెండు వైపులా కలిపి ఇరవై నాలుగు బిళ్లలు. ముందుండే జంటలు వీటికి అదనం. ప్రతి బిళ్లనూ, కిట్‌లో ముక్కలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి కత్తిరించాలి, మిగిలిన మొటిమను బ్లేడుతో గీకాలి, 400 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 800తో రుద్దాలి. నావాటిలో తొమ్మిదింటికి పట్టీ తిన్న గుంటలు కూడా ఉన్నాయి. వాటిలో పుట్టీ నింపి, ఒక రోజంతా ఆరనిచ్చి, మళ్లీ గుండ్రంగా రుద్దాలి. చక్రాలకే పదకొండు రోజులు పట్టింది. నాలుగో రోజుకు విసుగొచ్చి మానేద్దామనుకున్నాను. మొదటిసారి చేసేవాళ్లు ముందు ఏదైనా పెద్ద ముక్క అతికించి ట్యాంకు రూపం కళ్లజూసుకుని, ఆ తర్వాత చక్రాల జోలికి వెళ్లడం మంచిది. గుంటలు మరీ లోతుగా ఉన్న మూడింటిని లోపలి వరసలో పెట్టాను. అక్కడ ఎవరికీ కనబడవు.

చక్రాలు తగిలించే ట్యాంకు కింది పెట్టె అడుగున పొడుగాటి కంతలు ఉన్నాయి. మోటారు, స్విచ్చు పెట్టుకోవడానికట. కిట్‌లో మోటారు లేదు, కంతలు మాత్రం ఉన్నాయి. గడువు తీరిన ఏటీఎం కార్డు ముక్కలు కోసి వాటిని మూశాను. కార్డు వేరే రకం ప్లాస్టిక్ కాబట్టి పల్చటి జిగురు పట్టదు, ఫెవిక్విక్ వాడాలి. ఈ సంగతి ఊడిపోయాక తెలిసింది.

చిన్న ముక్కల గురించి ఒక మాట. పట్టకారు మధ్య బియ్యపు నూకంత ముక్క పట్టుకుని కాస్త గట్టిగా నొక్కితే, అది ఉన్నట్టుండి మాయమవుతుంది. చప్పుడు కూడా రాదు. టరెట్ మీది కొక్కెం ఒకటి జూలై 2న ఎగిరిపోయింది. టార్చి వేసుకుని నలభై నిమిషాలు పాకాను. జూలై 20న మా ఆవిడ మినప్పప్పు చెరుగుతుంటే చాటలో దొరికింది. అప్పటికి చట్రం తీగను కొవ్వొత్తి మీద వేడిచేసి సాగదీసి ఇంకొకటి చేసి పెట్టేశాను. దొరికిన అసలుది డబ్బాలో ఉంది.

ఇప్పుడు టరెట్ సంగతి. అసలు పాటన్ టరెట్ పోత పోసింది. దాని పైభాగం నున్నగా ఉండదు, ఇడ్లీ మీదిలా సన్నటి గరుకు ఉంటుంది. పాత కిట్లలో అది ఉండదు, పింగాణీ గిన్నెలా నున్నగా ఉంటుంది. అందుకని చేసేవాళ్లు పల్చటి జిగురు రాసి, ప్లాస్టిక్ మెత్తబడగానే పాత గట్టి కుంచెతో పొడుస్తారు. ఇల్లు సున్నం వేసే కుంచెతో గోడను పొడిచినట్టే, కాకపోతే చిన్నగా. దానికి ముందు అతుకునూ, పొంగిన జిగురునూ రుద్ది చదును చేయాలి. నాన్న వేలిముద్ర ఉన్న చోటు కూడా రుద్దాల్సిన చోటే.

రుద్దలేదు. ముద్ర మీద టేపు ముక్క అతికించి, చుట్టూ రుద్ది, చుట్టూ పొడిచాను. టేపు తీశాక చూస్తే, గరుకు మధ్య ముద్ర పెద్దగా వేరుపడి కనిపించలేదు. పోతలో వచ్చిన మచ్చే అనుకుంటారు తెలియనివాళ్లు.

జూలై 13, ఆదివారం రాత్రికి పట్టీలు, కమాండర్ బొమ్మ తప్ప అన్నీ అతికాయి. గొట్టం కొసతో కలిపి జానెడు దాటింది. మా ఆవిడను పిలిచి చూపిస్తే, ‘బాగుందండీ. ఇంక బల్ల ఖాళీ చేస్తారా?’ అంది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. రంగుకు ముందు ప్రైమర్ వేయాలి. మోడళ్ల ప్రైమర్ డబ్బా 900 రూపాయలు. కార్లకు కొట్టేది వీధి చివర 280కి దొరుకుతుంది. రెండూ ప్రైమరే కదా అనుకున్నాను. జూలై 15 సాయంత్రం, బయట వాన తుంపర, బాల్కనీలో నిలబడి కొట్టాను. పది నిమిషాల్లో ట్యాంకు మీద తెల్లగా బూజు పట్టినట్టయింది. గాలిలో తేమ ఉన్నప్పుడు ఈ రంగులు తేమను పట్టి తెల్లబడతాయి. పైగా పొర మందంగా పడి గరుకంతా పూడుకుపోయింది. వేలిముద్ర కూడా.

ఆ రోజు నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. 620 రూపాయలు మిగుల్చుకోవడానికి నలభై ఏళ్లు చెక్కుచెదరని దాన్ని పది నిమిషాల్లో పూడ్చాను. అన్నం తినబుద్ధి కాలేదు. మా ఆవిడ ఏమీ అనకుండా కంచం బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆ బల్ల మీద చోటు లేదని గుర్తొచ్చి మళ్లీ వచ్చి స్టూలు మీద పెట్టింది.

కింది పెట్టె మీది పొరను తడి కాగితంతో రుద్ది తీసేశాను, రెండు రోజులు పట్టింది. టరెట్‌ను రుద్దడానికి లేదు. వెతగ్గా వెతగ్గా తెలిసింది, బండ్ల బ్రేకు ఆయిలు ఈ ప్లాస్టిక్‌ను ఏమీ చేయకుండా పైరంగును మాత్రం ఊడదీస్తుందని. మెకానిక్ దగ్గర సీసా 120 రూపాయలు. ‘ఏ బండికి సార్?’ అని అడిగాడు. ట్యాంకుకు అని చెబితే పెట్రోలు ట్యాంకు కడగడానికి అనుకుని, వద్దు సార్ పాడవుతుందన్నాడు. పాత ఊరగాయ జాడీలో బ్రేకు ఆయిలు పోసి టరెట్‌ను రాత్రంతా ముంచాను. చేతికి తగలకూడదు, గ్లౌజులు తప్పనిసరి. తెల్లారి మెత్తటి పళ్ల బ్రష్షుతో, సబ్బునీళ్లతో రుద్దితే ప్రైమరు మీగడలా లేచి వచ్చింది. ముద్ర మీద మాత్రం బ్రష్షు వాడలేదు, దూదితో అద్దాను. గీతలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చివరిది బయటపడేటప్పటికి ఆఫీసుకు గంట ఆలస్యమైంది.

తర్వాత 900 రూపాయల డబ్బా కొన్నాను. వాన లేని రోజు కోసం ఆగి, జూలై 26న ఎండ పొడిగా ఉన్నప్పుడు అడుగు దూరం నుంచి పల్చగా మూడుసార్లు కొట్టాను. ఎలాంటి గొడవా జరగలేదు.

ఏ రంగు వేయాలన్నది కొంచెం ఆలోచించాను. పాటన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 1965 సెప్టెంబరు, పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర జరిగిన ట్యాంకుల యుద్ధం. అక్కడ పాకిస్తాన్ పాటన్లకు ఎదురు నిలిచిన మన దళాల్లో దక్కన్ హార్స్ ఒకటి. ఆ పేరులో మన దక్కన్ ఉంది, వాళ్ల దగ్గర ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్ ట్యాంకులు. దెబ్బతిన్న పాకిస్తాన్ పాటన్‌గా చేద్దామా అనిపించింది. కానీ ఈ కిట్ ఏ3, అంటే డీజిల్ ఇంజను రకం. పాకిస్తాన్‌వి అంతకు ముందరి పెట్రోలువి, ఇంజను మీది మూత వేరుగా ఉంటుంది. తప్పుడు ట్యాంకుకు తప్పుడు జెండా వేయడం ఇష్టం లేక పెట్టె మీద ఉన్నట్టే 1960ల వియత్నాం మెరీన్లదిగా ఉంచాను. ఆగస్టు 3న ముదురాకుపచ్చ, చేతి కుంచెతో, నీళ్లు కలిపి పల్చగా నాలుగు పొరలు. ఒక్క పొరలో కప్పేద్దామనుకుంటే కుంచె గీతలు తేలతాయి.

డీకాల్ కాగితాన్ని పారేయాల్సిన పని లేదు. కవరులో పెట్టి కిటికీ అద్దానికి ఎండ తగిలేలా అతికించాను. పదిహేను రోజుల్లో పసుపు చాలావరకు పోయింది. పాతవి నీళ్లలో వేయగానే ముక్కలవుతాయని విని ముందు వాటి మీద వార్నిష్ ఒక పొర కొట్టాను. తెల్ల నక్షత్రాల్లో ఒకటి అయినా విరిగింది. విరిగిన మూలను కుంచెతో దిద్దాను.

ఆ తర్వాత వాష్. ముదురు గోధుమ ఆయిలు రంగును టర్పెంటైన్‌లో టీ డికాక్షనంత పల్చగా కలిపి పూస్తే, అది సందుల్లోకి పారి అక్కడే ఆగుతుంది. మూలలు, మేకుల తలలు, గరుకు అన్నీ ఒక్కసారిగా తేలతాయి. ఆగస్టు 17న పూశాను. ఒక సంగతి నాకు తట్టలేదు, వేలిముద్రలో కూడా సందులే ఉంటాయి. రంగు ఆ గీతల్లోకి పారింది. అప్పటిదాకా వెలుతురుకు వంచి చూస్తే తప్ప కనబడని ముద్ర, అరచేతి దూరం నుంచి స్పష్టంగా కనిపించింది. గుండ్రంగా తిరిగిన సుడి, దాని పక్కన అడ్డంగా ఒక గీటు. అది కత్తిపీటకు తెగి మిగిలిన మచ్చ. నాకు తెలిసిన వేలే.

వాష్‌ను టర్పెంటైన్ గుడ్డతో తుడిచేయొచ్చు. తుడవలేదు.

కమాండర్ బొమ్మ పని ఆగస్టు 10 నుంచే పక్కన నడుస్తోంది. ట్యాంకు కన్నా ఈ మనిషే నన్ను ఎక్కువ ఏడిపించాడు. బొమ్మ నడుము దాకానే ఉంటుంది, మిగతా సగం టరెట్ లోపల ఉన్నట్టు లెక్క. నిండు మనిషైతే ఐదు సెంటీమీటర్లు. హెల్మెట్‌తో కలిపి తల శనగగింజంత. కన్ను ఆవగింజలో సగం ఉండదు. పాత కిట్ కాబట్టి ముఖం కొంచెం కరిగిన సబ్బులా ఉంది.

చర్మం రంగు వేశాను. దవడ కింద, ముక్కు పక్కన పల్చటి గోధుమరంగు నీడ, ముక్కు కొనకూ గడ్డానికీ లేత రంగు. ఇక్కడిదాకా సులువే. తర్వాత కళ్లు. అచ్చ తెల్లరంగు పెట్టి మధ్యలో నల్లచుక్క పెట్టాను. కొండపల్లి బొమ్మ తయారైంది. కొండపల్లి బొమ్మకు ఆ కళ్లే అందం, యుద్ధంలో ఉన్నవాడికి కాదు. ఆగస్టు 13న మళ్లీ దిద్దాను. మా ఆవిడ భూతద్దం పెట్టుకుని చూసి, ‘ఈయన రెండు రోడ్లూ ఒకేసారి చూస్తున్నారు’ అంది. సెలవు కదా అని 15న రోజంతా కూర్చుని మూడోసారి చేస్తే రంగు మీద రంగు పేరుకుని ముక్కే కనబడకుండా పోయింది. కరోనా నాటి శానిటైజర్ సీసా బీరువాలో ఇంకా ఉంది. అందులో అరగంట ముంచి పాత బ్రష్షుతో రుద్దితే రంగంతా పోయి మొదటికొచ్చాడు. ఈ రంగులకు అదొక సుఖం. 560 పెట్టి కొన్న సన్నకుంచె కూడా నాకేమీ సాయం చేయలేదు. పొడుగు వెంట్రుకల సన్నకుంచె కొనమంటారు గానీ, కావలసింది సూదిలాంటి మొన. నా 90 రూపాయల కుంచెకు ఆ మొన ఉంది.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం బస్‌స్టాపులో నిలబడి ఉన్నాను. రోడ్డుకు అటువైపు జనం. మా ఇంట్లో ఆ బొమ్మను అడుగు దూరం నుంచి చూస్తాం. ముప్ఫై సెంటీమీటర్లను 35తో గుణిస్తే పదిన్నర మీటర్లు. సరిగ్గా ఆ రోడ్డు వెడల్పు. అటువైపు ఒక్కరి కంట్లో తెల్లగుడ్డు నాకు కనబడలేదు. ఎండకు అందరూ కళ్లు చికిలించారు, కనుబొమల కింద నీడ తప్ప ఏమీ లేదు. పది రోజులుగా నేను పెడుతున్నది అసలు కనబడనిదాన్ని!

ఆగస్టు 24న కళ్లు పెట్టలేదు. హెల్మెట్ అంచు కింద ముదురు గోధుమరంగు గీత ఒక్కటి లాగాను, దాని కింద బుగ్గ ఎముక మీద లేత రంగు చుక్క. మనిషి వచ్చేశాడు. ఎండలో దూరంగా ఏదో చూస్తున్నాడు. ముఖం నిలబడ్డాక బట్టలు, రక్షణ కోటు, చేతులు అన్నీ రెండు వారాల్లో అయ్యాయి. హెల్మెట్‌కు ఉండే సన్న మైకు కూడా ఎగిరిపోయింది. ఈసారి వెతకలేదు, సాగదీసిన తీగ పెట్టాను. సెప్టెంబరు 7న కమాండర్ సిద్ధం.

పట్టీల కొసలను వేడి స్క్రూడ్రైవరుతో కరిగించి కలపమని కాగితంలో ఉంది. నలభై ఏళ్లకు అది కలవలేదు, పొగ వచ్చి చిట్లింది. సన్న రాగితీగతో కుట్టి, కుట్టును పైనున్న మడ్‌గార్డు కిందికి తిప్పాను.

చివరగా దుమ్ము. మధ్య వియత్నాంలో చాలాచోట్ల ఎర్రమట్టి. ఆ రంగు పొడి చిన్న సీసా 350 దాకా ఉంది. వంటింట్లో గడపకు రాసే జాజు ఉండగా కొనడం దేనికి? జాజును కల్వంలో మెత్తగా నూరి, పాత చీర గుడ్డలో జల్లించి, కాస్త సుద్దపొడి కలిపాను. చక్రాలకు, పట్టీలకు, మడ్‌గార్డులకు మెత్తటి కుంచెతో అద్దితే బ్రహ్మాండంగా పట్టింది. మొత్తం పనిలో నాకు పూర్తిగా తృప్తినిచ్చింది ఇదే, ఖర్చు లేనిదీ ఇదే. సెప్టెంబరు 21న మెరుపు లేని వార్నిష్ కొట్టాక పని ముగిసింది. కిట్ కాక అయిన ఖర్చు 8,170 రూపాయలు. గంటలు లెక్క పెట్టలేదు, మా ఆవిడ పెట్టింది గానీ నాకు చెప్పలేదు.

అక్టోబరు 2, దసరాకు ఖమ్మం వెళ్లాం. ట్యాంకును చెప్పుల పెట్టెలో స్పాంజి మధ్య పెట్టి బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. ఏంటెన్నా సూర్యాపేట దాకా వచ్చింది, ఖమ్మం చేరలేదు.

బాబాయికి డెబ్బై ఆరేళ్లు. రెండు చేతులతో ట్యాంకును తీసుకుని, అటూ ఇటూ తిప్పి, బోర్లించి చూశాడు.

‘మోటారు ఏదిరా? నడవదా ఇది?’

నడవదన్నాను. 1960ల ఆరంభంలో తమియావాళ్లు మొదటి పాంథర్ ట్యాంకు కిట్ చేసినప్పుడు మోటారూ రెండు బ్యాటరీలూ పట్టేలా గుల్ల కొలత పెట్టుకున్నారనీ, ఈ 35వ వంతు లెక్క అక్కణ్నించే వచ్చిందనీ, తర్వాత చాలా కిట్లలో మోటారు పోయి కంతలు మిగిలాయనీ చెప్పాను. బాబాయి వినలేదు. ‘నడిచేదనే కొన్నాను’ అని రెండుసార్లు అన్నాడు. నలభై ఒక్క ఏళ్ల కిందటి దుకాణంవాడి మీద కోపం ముఖంలో కనిపించింది.

టరెట్ తిప్పి వేలిముద్ర చూపించాను. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

‘అన్నయ్యదే. నువ్వు పడుకున్నాక రాత్రుళ్లు మొదలుపెట్టాడు. చేసి నీ పుట్టినరోజుకు ఇద్దామని. గమ్ము అయిపోయింది, ఇక్కడ దొరకడం లేదు, ఒకటి పంపరా అని కువైట్‌కు ఉత్తరం రాశాడు.’

‘పంపావా?’

‘మరిచిపోయాను రా.’

లోపల పిన్ని ఆయుధ పూజకు సర్దుతోంది. స్కూటరు తాళాలు, కత్తిపీట, సుత్తి, స్క్రూడ్రైవర్లు పీట మీద వరసగా ఉన్నాయి. మా మాటలు విని బయటికి వచ్చింది, బాబాయి చేతిలోంచి ట్యాంకును తీసుకుంది. ‘ఆయుధమే కదా’ అంటూ సుత్తి పక్కన పెట్టింది. నేను నోరు తెరిచే లోపే తడి గంధం, దాని మీద కుంకుమ, గొట్టానికి ఒకటి, కమాండర్ హెల్మెట్‌కు ఒకటి.

మెరుపు లేని వార్నిష్ తడి కుంకుమను పీల్చుకుంటుంది. ఇక పోదు.

‘చక్రాలకు కూడా పెట్టనా?’ అంది పిన్ని.

ఒక్కో వైపు ఆరున్నాయి, పెట్టమన్నాను.